ఐఐఎం ఇంటర్వ్యూ ప్యాకేజీలు: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

ఐఐఎంలు, అంటే కేంద్రం నడిపే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో ఎంబీఏకి రాసే క్యాట్ ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చీ రాగానే కోచింగ్ సంస్థల నుంచి ఫోన్లు మొదలవుతాయి. మీ పర్సంటైల్‌కి ఇంటర్వ్యూ కాల్స్ ఖాయం, సోమవారం నుంచి జీడీ–పీఐ (గ్రూప్ డిస్కషన్, పర్సనల్ ఇంటర్వ్యూ) బ్యాచ్, ఇవాళే కడితే డిస్కౌంట్ అంటారు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలోనూ, విశాఖ ద్వారకానగర్‌లోనూ ఈ ప్యాకేజీలు అమ్ముతారు. ఇంట్లో కూర్చుని తీసుకునే ఆన్‌లైన్ రకం కూడా ఉంది. ధర వేలల్లో ఉంటుంది. లోపల ఉండే సరుకు మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే. గ్రూప్ డిస్కషన్ క్లాసులు, వ్యాట్ (ఇచ్చిన అంశం మీద రాసే రాత పరీక్ష) దిద్దిపెట్టడం, కరెంట్ అఫైర్స్ పుస్తకం, ఐఐఎం దరఖాస్తు ఫారం నింపడంలో సాయం, పాత ఇంటర్వ్యూల సంకలనం, కొన్ని మాక్ (నమూనా) ఇంటర్వ్యూలు. ఏ ఒక్క సంస్థ పేరూ ఎత్తకుండా, ఆ సరుకుని విడదీసి ఒక్కోటి ఎంత విలువ చేస్తుందో ఇక్కడ రాస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. డబ్బు పెట్టదగ్గది మాక్ ఇంటర్వ్యూ ఒక్కటే. అది కూడా మీరు చదివిన డిగ్రీ తెలిసినవాళ్ళు చేస్తేనే. మిగతావన్నీ ఉచితంగానో, ఒక స్నేహితుడి సాయంతోనో అయిపోయే పనులు.

ఇంటర్వ్యూకి ఇంత ప్రాధాన్యం ఎందుకో కూడా తెలియాలి. ఐఐఎం అహ్మదాబాద్ ఇటీవలి సంవత్సరాల్లో ప్రకటించిన ఎంపిక విధానంలో తుది స్కోరులో పర్సనల్ ఇంటర్వ్యూ వాటా సగం, క్యాట్ వాటా పావు. మిగతా ఐఐఎంల లెక్కలు వేరుగా ఉంటాయి, ఏటా మారుతుంటాయి కూడా. ప్రతి ఐఐఎం తన అడ్మిషన్ పాలసీని వెబ్‌సైట్లో పెడుతుంది. కాల్ వచ్చిన ప్రతి ఐఐఎంది డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటర్వ్యూకి ఎంత, రాత పరీక్షకి ఎంత, టెన్త్–ఇంటర్–డిగ్రీ మార్కులకి ఎంత, పని అనుభవానికి ఎంత అన్నది ఒక కాగితం మీద వేసుకోండి. మీ మార్కులు, అనుభవం ఇక మారవు. మార్చగలిగిన భాగం ఎంత మిగిలిందో ఆ కాగితమే చెబుతుంది. ఈ లెక్క వేసుకోకుండా ప్యాకేజీ కొనేవాళ్ళు రాత పరీక్ష లేని చోటికి కూడా వ్యాట్ క్లాసులు కొంటుంటారు.

మాక్‌లో అసలు ఏం జరగాలి

అసలు ఇంటర్వ్యూ పదిహేను నుంచి ఇరవై అయిదు నిమిషాలు ఉంటుంది. ఎదురుగా ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళలో ఎక్కువమంది ప్రొఫెసర్లే. వాళ్ళ చేతిలో మీ ఫారం ఉంటుంది. మొదటి ప్రశ్నకి దాదాపు అందరూ జవాబు చెబుతారు. ఆ జవాబు మీదే రెండోది, దాని మీద మూడోది వస్తాయి. అభ్యర్థికి తెలిసింది ఎంతో బయటపడేది అక్కడ. మాక్ ఇంటర్వ్యూ విలువ కూడా ఆ మూడో ప్రశ్న దగ్గరే తేలుతుంది.

సివిల్ చదివిన అభ్యర్థినే తీసుకుందాం. మొదటి ప్రశ్న: కాంక్రీట్‌లో స్టీల్ ఎందుకు వేస్తారు? కాంక్రీట్ నొక్కుడుని తట్టుకుంటుంది, లాగుడుని తట్టుకోలేదు, ఆ లాగుడుని స్టీల్ తీసుకుంటుంది అంటాడు. బాగుంది. రెండోది: ఎండకి రెండూ వ్యాకోచిస్తాయి కదా, ఒకదాన్నొకటి వదిలేయవేం? ఒక్కో సెల్సియస్ డిగ్రీకి స్టీల్ పొడవు పది లక్షల్లో సుమారు 12 వంతులు, కాంక్రీట్ సుమారు 10 వంతులు పెరుగుతుంది, తేడా చాలా తక్కువ కాబట్టి రెండూ కలిసే సాగుతాయి. ఇది చెప్పగలిగితే చదువుకున్నవాడే అనుకుంటారు. మూడోది: మీ ఇంటి బాల్కనీ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది, కింద పిల్లర్ లేదు. మెయిన్ స్టీల్ స్లాబ్‌లో పైన వేస్తారా, కింద వేస్తారా?

ఇక్కడ చాలామంది ఠక్కున ‘కింద’ అనేస్తారు. గది స్లాబ్‌లో నడిమి భాగానికి మెయిన్ స్టీల్ కిందే ఉంటుంది, అదే గుర్తుంటుంది. బాల్కనీలో బరువుకి కొస కిందికి వంగుతుంది, సాగేది పైభాగం. మెయిన్ స్టీల్ పైనే ఉండాలి. ప్యానెల్‌లో సైట్ చూసినవాళ్ళు ఉంటే నాలుగోది కూడా వస్తుంది: పైన కట్టిన ఊచలు కాంక్రీట్ పోసేటప్పుడు పనివాళ్ళ కాళ్ళ కింద పడి దిగిపోతే? అందుకే కింద చైర్లు అనే ఇనుప ఊతాలు పెట్టి ఊచల్ని ఎత్తి పట్టుకుంటారు. పెట్టకపోతే స్టీల్ ఉండాల్సిన చోట ఉండదు, బాల్కనీ గోడని కలిసేచోట పైన పగులిస్తుంది.

ఈ మాక్‌ని సివిల్ తెలియని మనిషి చేస్తే ఏమవుతుంది? అభ్యర్థి ‘కింద’ అని ధైర్యంగా చెబుతాడు. అవతలి మనిషి తలూపి, కాన్ఫిడెన్స్ బాగుంది, పదికి ఎనిమిది అని రాసిస్తాడు. అసలు ప్యానెల్ ముందు ఆ ధైర్యమే నష్టం చేస్తుంది. తెలిసిన మనిషైతే వెంటనే తప్పు అని కూడా అనడు. ‘కొస మీద మనిషి నిలబడ్డాడు అనుకో, ఏ వైపు సాగుతుంది?’ అని చిన్న దారి చూపిస్తాడు. అసలు ప్రొఫెసర్లు చేసేది సరిగ్గా అదే. ఆ దారి పట్టుకుని అభ్యర్థి తన జవాబుని తానే సరిదిద్దుకుంటాడా, మొదట అన్నమాటకే అతుక్కుపోతాడా అని చూస్తారు. తెలియనప్పుడు గట్టిగా ఆలోచించడం, అంటే ఆలోచనని మాటల్లో బయటికి చెబుతూ ముందుకెళ్ళడం, మాక్‌లో నేర్చుకోవలసిన అతి ముఖ్యమైన పని. క్లాసులో కూర్చుంటే అది రాదు, పుస్తకంతో రాదు. అందుకే దీనికి డబ్బు పెట్టమంటున్నాం.

బీకాం వాళ్ళకి ఇదే మెట్లు వేరే సబ్జెక్టులో వస్తాయి. రెపో రేటు అంటే ఏమిటి అన్నది మొదటి మెట్టు. రిజర్వ్ బ్యాంక్ రేటు తగ్గించినా కొందరి హోమ్ లోన్ వడ్డీ వెంటనే ఎందుకు తగ్గదు అన్నది రెండోది. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాలు రెపో (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) లాంటి బయటి ప్రమాణానికి ముడిపడాలి, కనీసం మూడు నెలలకోసారి రేటు మారాలి. అంతకుముందు తీసుకుని ఎంసీఎల్‌ఆర్‌లోనే (బ్యాంకు తన సొంత ఖర్చుని బట్టి లెక్కించే పాత రేటు) ఉండిపోయిన రుణానికి ఆ వేగం ఉండదు. అలాగైతే అందరూ కొత్త పద్ధతిలోకి మారిపోవచ్చు కదా అన్నది మూడోది. కంప్యూటర్స్ వాళ్ళకి: డేటాబేస్‌లో ఇండెక్స్ ఉంటే వెతకడం ఎందుకు త్వరగా అవుతుంది? అంత మంచిదైతే అన్ని కాలమ్స్‌కీ ఎందుకు పెట్టరు? కొత్త రికార్డు చేర్చిన ప్రతిసారీ ఇండెక్స్‌లన్నీ కూడా మార్చాలి, చోటు తింటుంది, రాయడం నెమ్మదిస్తుంది. మీ బ్రాంచ్‌లో ఇలాంటి మూడు మెట్లు వేయగల మనిషి సంస్థలో ఉన్నారా లేదా అన్నదే మీరు కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఉద్యోగం, ఊరు

గచ్చిబౌలిలోనో, మాదాపూర్‌లోనో రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాళ్ళకి మాక్‌లో తప్పక అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ టీమ్ క్లయింట్‌కి బిల్లు ఎలా వేస్తుంది, గంటల లెక్కనా, ఫిక్స్‌డ్ ధరకా? గడువు దాటితే ఎవరికి నష్టం? మీరు మూసిన టికెట్ (క్లయింట్ పంపిన సమస్య) వల్ల అవతలి కంపెనీలో ఎవరి పని ఆగకుండా నడిచింది? అభ్యర్థుల్లో చాలామంది తాము వాడిన టూల్స్ పేర్లు గడగడా చెబుతారు, వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. మేనేజ్‌మెంట్ చదవాలనుకునే మనిషి తన జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోకపోవడం ప్యానెల్‌కి మింగుడుపడదు. ఇది ఒక్క సాయంత్రంలో పూడ్చుకోగల లోటు. మీ మేనేజర్‌ని గానీ, సేల్స్ వైపు ఉన్న సీనియర్‌ని గానీ కూర్చోబెట్టి అరగంట అడగండి. క్లయింట్ పేరు, అంకెలు బయటికి చెప్పకూడనివైతే ఆ మాటే ప్యానెల్‌కి చెప్పి, పద్ధతి వివరించవచ్చు. రహస్యం కాపాడినందుకు ఎవరూ మార్కులు కోయరు.

ఊరి ప్రశ్నల్ని మాక్ ప్యానెల్స్ దాదాపు పట్టించుకోవు. అది వాటిలో పెద్ద లోపం. అసలు ఇంటర్వ్యూలో కంగారు తగ్గించడానికి ప్రొఫెసర్లు ఊరితోనే మొదలుపెట్టడం మామూలే. మీది చీరాల అనుకోండి. ఏ జిల్లా అంటే, పాత సర్టిఫికెట్లలో ప్రకాశం, 2022 ఏప్రిల్ పునర్విభజన తర్వాత బాపట్ల. అంతవరకు సరే. 1921లో మీ ఊరి జనం ఊరు ఖాళీ చేసి బయట పాకల్లో ఎందుకున్నారు అని అడిగితే? చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేయడం, దాంతో పెరిగిన పన్నులు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వం, రామ్‌నగర్‌కి తరలివెళ్ళడం, ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. ఆ వెంటనే ఇంకోటి రావచ్చు: పన్ను ఎంత పెంచితే జనం కట్టడం మానేస్తారు? ఊరి ప్రశ్న కాస్తా పబ్లిక్ ఫైనాన్స్‌లోకి వెళ్ళిపోయింది. పోచంపల్లి వాళ్ళకి ఇక్కత్ గురించి, గుంటూరు వాళ్ళకి మిర్చి యార్డులో ధర ఎలా తేలుతుందన్న దాని గురించి, విశాఖ వాళ్ళకి స్టీల్ ప్లాంట్‌కి సొంత ఇనుప గనులు లేకపోతే ఖర్చు ఎందుకు పెరుగుతుందన్న దాని గురించి ఇలాగే సిద్ధం కావాలి. ఏ ప్యాకేజీలోనూ మీ ఊరి మీద నోట్స్ ఉండవు. మీరే రాసుకోవాలి. ఒక పేజీ చాలు: పేరెందుకు వచ్చింది, జనం దేని మీద బతుకుతారు, అందులో ఈ పదేళ్ళలో ఏం మారింది, ఊళ్ళో ఒక సమస్య, దానికి మీరు చెప్పే దారి.

ఎన్ని మాక్‌లు, ఎప్పుడెప్పుడు

నాలుగు నుంచి ఆరు చాలు. పది, పన్నెండు ఇస్తామని ఊరించే ప్యాకేజీ అంకె చూసి మోజుపడొద్దు. ఆరు దాటాక అభ్యర్థి జవాబులు వల్లెవేసినట్టు అయిపోతాయి. గొంతులో ఎక్కడ ఆగాలో కూడా బట్టీ పట్టినట్టు ఉంటుంది. ప్యానెల్ అది మొదటి నిమిషంలోనే పసిగడుతుంది.

మొదటి మాక్ ఫారాలు నింపిన వారంలోపు చేయించుకోండి, అది రోగం ఏమిటో తెలుసుకోవడానికి. ఒక మాక్‌కీ తర్వాతి మాక్‌కీ మధ్య కనీసం నాలుగైదు రోజుల ఎడం ఉండాలి. ఆ ఎడంలోనే చదువు జరుగుతుంది. మాక్‌లో దొరికిన మూడు బొక్కలు పూడ్చకుండా రెండో మాక్‌కి వెళితే అవే బొక్కలు మళ్ళీ దొరుకుతాయి, డబ్బు మాత్రం రెండుసార్లు పోతుంది. చివరి మాక్ అసలు ఇంటర్వ్యూకి మూడు రోజుల ముందు ఆపేయండి. ముందు రోజు సాయంత్రం మాక్ పెడతామంటే వద్దనండి. అందులో ఒక్కటి చెడినా రాత్రంతా అదే తిరుగుతుంది, సరిదిద్దుకునే సమయం ఉండదు. అన్ని మాక్‌లూ ఒకే మనిషితో వద్దు. రెండోసారికి మీ జవాబులు ఆయనకి తెలిసిపోయి ఉంటాయి, మూడో ప్రశ్న రాదు.

రికార్డింగ్ ఇవ్వని మాక్ సగం మాకే. రికార్డింగ్‌ని రెండుసార్లు చూడండి. మొదట శబ్దం తీసేసి చూస్తే ముఖం, చేతులు, కళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో కనబడతాయి. తర్వాత చూడకుండా వింటే ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’, ‘లైక్’ ఎన్నిసార్లు దొర్లాయో లెక్క తేలుతుంది. ఒక్కో జవాబు ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి రాసుకోండి. నలభై నుంచి అరవై సెకన్లు దాటిన జవాబుల్లో ఎక్కువభాగం రెండో వాక్యంలోనే అయిపోయినవి, తర్వాతదంతా సాగదీత. జవాబు చెప్పి ఆగడం వచ్చిందంటే సగం పని అయినట్టే.

ఇక స్ట్రెస్ ఇంటర్వ్యూ పేరుతో అరవడం, కాగితాలు విసరడం, మీకు అర్హత లేదు అని ముఖం మీద అనడం ఒక ప్రత్యేక సేవగా అమ్మే చోట్లున్నాయి. దానికి పైసా పెట్టొద్దు. అసలు ప్యానెల్స్‌లో ఒత్తిడి ఎక్కువగా నిశ్శబ్దంగా వస్తుంది. మీ జవాబుకి ఎవరూ తలూపరు, ఒకరు కిటికీ వైపు చూస్తుంటారు, ఇంకొకరు ‘ఆర్ యూ ష్యూర్?’ అని మెల్లగా అంటారు. దానికి తయారు చేసే మాక్ అరుపులు లేకుండానే అవుతుంది.

ఉచ్చారణ సరిదిద్దే క్లాసులదీ అదే మాట. తెలుగు మీడియంలో చదివిన పిల్లల్ని భయపెట్టి ఇవి అంటగడతారు. మన యాసతో ఇంగ్లిష్ మాట్లాడి ఐఐఎంలలో చేరినవాళ్ళు ఎందరో ఉన్నారు. ప్యానెల్‌కి కావలసింది అర్థమవ్వడం. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడితే యాస అడ్డు రాదు. యాస దాచడానికి వేగం పెంచితేనే అసలు ఇబ్బంది. రోజూ పది నిమిషాలు ఇంగ్లిష్ పత్రికలో సంపాదకీయం ఒక పేరా గట్టిగా చదివి, పేపర్ మూసి అదే విషయం సొంత మాటల్లో చెప్పడం ఏ క్లాసుకీ తీసిపోదు.

మిగతా సరుకు

గ్రూప్ డిస్కషన్ క్లాసులు చాలామందికి అక్కర్లేదు. పాత రోజుల్లో ఐఐఎంలలో జీడీ ఉండేది, ఆ పేరే బోర్డుల మీద ఉండిపోయింది. ఇప్పుడు చాలా ఐఐఎంలు దాని స్థానంలో రాత పరీక్ష పెట్టాయి. విశాఖపట్నం సహా కొత్త ఐఐఎంలు కలిసి నడిపిన క్యాప్ అనే ఉమ్మడి ప్రక్రియలో ఇటీవలి సంవత్సరాల్లో ఇంటర్వ్యూ ఒక్కటే ఉండేది. ఢిల్లీ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ విభాగం ఎఫ్‌ఎంఎస్‌లో ఎక్స్‌టెంపోర్ (అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడటం) ఉంటుంది, అది వేరే సాధన. మీకు వచ్చిన కాల్స్‌లో జీడీ ఉన్నది ఒక్కటైనా ఉంటేనే ఆ క్లాసు గురించి ఆలోచించండి.

వ్యాట్ దిద్దిపెట్టడం కొంత ఉపయోగమే, కానీ దిద్దేది ఎవరన్నది చూడాలి. వ్యాకరణ తప్పులకి ఎర్ర గీతలు గీసి ‘గుడ్ ఫ్లో’ అని రాస్తే లాభం లేదు. ఐఐఎం అహ్మదాబాద్ పెట్టే ఎనలిటికల్ రైటింగ్ టెస్ట్ మామూలు వ్యాసం కాదు. ఒక వాదన ఇచ్చి అందులో లొసుగులు పట్టమంటుంది. ఫలానా ఊళ్ళో ఫ్లై ఓవర్ కట్టాక అమ్మకాలు పెరిగాయి, కాబట్టి మా ఊళ్ళోనూ కడితే పెరుగుతాయి అన్న తరహా. అభ్యర్థులు ఎక్కువగా చేసే తప్పు ఫ్లై ఓవర్లు మంచివా చెడ్డవా అని తమ అభిప్రాయం రాయడం. రాయాల్సింది ఇది: అమ్మకాలు పెరగడానికి ఇంకే కారణాలు ఉండొచ్చు, రెండు ఊళ్ళ మధ్య పోలిక ఎక్కడ తెగుతుంది, ఏ సమాచారం తెస్తే వాదన నిలబడుతుంది లేదా కూలుతుంది. ఈ తేడా తెలిసిన మనిషి దిద్దిన మూడు పేపర్లు చాలు. తెలియని మనిషి ముప్పై దిద్దినా దండగే.

కరెంట్ అఫైర్స్ పుస్తకం విషయంలో గట్టిగా చెబుతున్నాం, కొనొద్దు. ఆర్థిక సర్వే, బడ్జెట్ వచ్చేది జనవరి ఆఖరున, ఫిబ్రవరి 1న. ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆ తర్వాతే. జనవరిలో అచ్చేసి చేతికిచ్చే పుస్తకం మీ ఇంటర్వ్యూ నాటికి పాతదైపోతుంది. పాత పుస్తకం ఫోటోకాపీ అయితే ఇంకా ప్రమాదం. జీఎస్టీ శ్లాబులు 5, 12, 18, 28 అని అందులో ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శ్లాబులు తీసేసి ప్రధానంగా 5, 18కి తెచ్చారు, కొన్ని వస్తువులకి 40 పెట్టారు. ఇది తప్పు చెప్పిన కామర్స్ అభ్యర్థిని ఏ ప్యానెల్ కాపాడలేదు. బడ్జెట్ ప్రసంగం, ఆర్థిక సర్వే ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితం. రిజర్వ్ బ్యాంక్ ద్రవ్య విధాన ప్రకటన కూడా ఉచితమే. ప్రసంగం మొత్తం చదవక్కర్లేదు. ద్రవ్యలోటు జీడీపీలో ఎంత శాతం, పోయినేడు ఎంత, రూపాయి రాక, రూపాయి పోక చిత్రం, మీ ఉద్యోగ రంగానికో మీ డిగ్రీకో సంబంధించిన రెండు ప్రకటనలు. ఇవి చేత్తో రాసుకుంటే ఒక పేజీ.

ఫారం నింపడంలో సాయం అంటే చాలా చోట్ల ‘వై ఎంబీఏ’కి తయారు వాక్యాలు ఇస్తారు. ఒకే బ్యాచ్‌లో ఇరవై మందికి అవే వాక్యాలు. ఇందులో మీకు కలిగే హాని ఖర్చు కంటే పెద్దది, ఎందుకంటే ఫారంలో రాసిన ప్రతి మాటా ప్రశ్న కాగలదు. హాబీ గడిలో ‘చెస్’ అని రాస్తే ఏ ఓపెనింగ్ ఆడతారని అడుగుతారు. ‘వంట’ అని రాస్తే పప్పు కుక్కర్‌లో త్వరగా ఎందుకు ఉడుకుతుందని అడుగుతారు, ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందన్నది మీ నోట రావాలి. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివి ఏ హాబీ లేకుండా పెరిగిన పిల్లలు మన దగ్గర చాలామంది. లేనిది రాయకండి. ఉన్నదాన్నే, అది పాత తెలుగు పాటలు వినడమైనా, ఫాంటసీ క్రికెట్ అయినా, నిజంగా చేసేది రాసి దాన్ని లోతుగా తెలుసుకోండి.

పాత ఇంటర్వ్యూల సంకలనం ఉచితంగా దొరికితే తీసుకోండి. చదివే పద్ధతి ఒకటుంది. జవాబులు కప్పేసి ప్రశ్నలే చదవండి, మీ డిగ్రీ వాళ్ళవి వేరు చేయండి. పదిహేను ఇంటర్వ్యూలు అయ్యేసరికి ఏ సబ్జెక్టులు తిరిగి తిరిగి వస్తున్నాయో తేలుతుంది. ఆ నాలుగైదు సబ్జెక్టుల పాఠ్యపుస్తకాలు అటకమీంచి దించండి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

నా బ్రాంచ్‌కి ప్యానెల్‌లో ఎవరు కూర్చుంటారు, వాళ్ళ చదువేమిటి? నా ఫారం వాళ్ళకి ముందు రోజే వెళుతుందా? రికార్డింగ్, రాతపూర్వక ఫీడ్‌బ్యాక్ ఎన్ని రోజుల్లో వస్తాయి? కాల్ రాకపోతే డబ్బు వెనక్కిస్తారా? ప్యాకేజీ గడువు ఏ తేదీ వరకు? ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. కొత్త ఐఐఎంల ఇంటర్వ్యూలు పాత వాటి తర్వాత కూడా జరగొచ్చు, ప్యాకేజీ మాత్రం ముందే ముగిసిపోతుంది. జవాబులన్నీ నోటిమాటగా కాకుండా రసీదు మీదో, మెయిల్‌లోనో తీసుకోండి. ప్యాకేజీ మొత్తం ధరని మాక్‌ల సంఖ్యతో భాగించండి. పన్నెండు వేలకి మూడు మాక్‌లంటే ఒక్కోటి నాలుగు వేలు. విడిగా మాక్ ఎంత అని అడిగితే చాలా చోట్ల దానికంటే తక్కువే చెబుతారు, విడిగా తీసుకోవడం మేలు.

గోడ మీద సెలెక్ట్ అయిన పిల్లల ఫోటోలు చూసి తేల్చుకోవద్దు. ఒకే విద్యార్థి నాలుగు చోట్ల ఒక్కో మాక్ ఇచ్చి ఉంటాడు, నాలుగు చోట్లా ఫోటో ఉంటుంది.

డబ్బు లేదనుకునేవాళ్ళకి కూడా మంచి మాక్ దొరుకుతుంది. మీ ఇంజినీరింగ్ లేదా డిగ్రీ కాలేజీలో మీకు బాగా పాఠం చెప్పిన లెక్చరర్‌ని అడగండి. ‘సార్, ఇరవై నిమిషాలు నన్ను వైవాలో అడిగినట్టు అడగండి’ అంటే కాదనేవాళ్ళు తక్కువ. పక్కన ఉద్యోగం చేసే ఒక అన్నయ్యనో, అక్కనో కూర్చోబెట్టి వాళ్ళని ఉద్యోగం, ఊరు, వార్తల మీద అడగమనండి. ఇద్దరికీ ఫారం ముందు రోజే ఇవ్వండి. ఫోన్ ఎదురుగా నిలబెట్టి రికార్డు చేయండి. అయిదారు వేల రూపాయల సేవలో ఉండే మేలంతా ఇందులో ఉంది. ఒక్క తేడా, బాగా తెలిసినవాళ్ళు మొహమాటానికి తప్పుని తప్పనరు. ప్రతి జవాబు పక్కనా సరైనది, తప్పు, తెలియదు అని మూడు గడులు గీసిన కాగితం వాళ్ళ చేతికిస్తే ఆ మొహమాటం చాలావరకు పోతుంది.

ఇంటర్ తర్వాత ఇండోర్, రోహ్‌తక్ ఐఐఎంల అయిదేళ్ళ కోర్సు ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకి ఈ పెద్దల ప్యాకేజీ అస్సలు కొనొద్దు. వాళ్ళకి ఉద్యోగం ప్రశ్నలు రావు. ఇంటర్ లెక్కలు, ఊరు, వార్తలు, ఈ వయసులోనే మేనేజ్‌మెంట్ ఎందుకన్నది వస్తాయి. ఇంటర్ మ్యాథ్స్ సార్‌తో రెండు మాక్‌లు చాలు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే సంస్థ మాక్ కూడా ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలని పట్టుబట్టండి. మీరు అసలు రోజున కూర్చోబోయే గదిలో, అదే ల్యాప్‌టాప్‌తో, అదే సమయానికి. వెలుగు ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది, కాబట్టి రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి వేరే కంపెనీ సిమ్ పెట్టుకోండి.

సర్టిఫికెట్ల విషయంలో ప్యాకేజీలు ఏ సాయమూ చేయవు, సీటు పోయేది మాత్రం ఇక్కడ కూడా. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఐఐఎంలో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఏ ఆర్థిక సంవత్సరానిది అడిగారో కాల్ లెటర్‌లో చూసి తీసుకోవాలి. మీ సేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి తహసీల్దారు సంతకం అయ్యేదాకా రోజులు పడతాయి, కాబట్టి షార్ట్‌లిస్ట్ కోసం ఆగకుండా క్యాట్‌కి దరఖాస్తు చేసే ముందే పెట్టండి. సర్టిఫికెట్‌లో మీ పేరు, ఇంటిపేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. తేడా ఉంటే ప్రింట్ తీసుకునే ముందే కౌంటర్‌లో చెప్పి దిద్దించుకోండి.